ముహూర్తానికి ముందు 5 గంటలు, తరవాత 3 గంటలు

పెళ్ళికి ఫొటోలు తీయాలని ఎవరైనా వాట్సాప్‌లో శుభలేఖ పంపితే నా కళ్ళు ముందుగా సుముహూర్తం వేళను వెతుకుతాయి. ఉదయం 10 గంటల 24 నిమిషాలకు అని ఉంటే అది ఒక రకం పని. శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం 2 గంటల 51 నిమిషాలకు అని ఉంటే మనుషులూ, బ్యాటరీలూ, నిద్రా, ప్రయాణమూ అన్నీ మారిపోయే మరో రకం పని. అయినా ఈ రెండింటికీ నేను ఏడేళ్ళపాటు ఒకే ధర చెప్పాను. పెళ్ళికి ఇంత, రిసెప్షనుకు ఇంత, హల్దీకి ఇంత అని ఈవెంటు లెక్కన చెప్పడం విశాఖపట్నంలో మాకందరికీ అలవాటు. నాకు పని నేర్పిన గురువుగారూ అలాగే చెప్పేవారు. ఆ అలవాటును ఎందుకు వదులుకున్నానో, ఇప్పుడు నేను అడుగుతున్న గంటలూ రూపాయలూ ఏ లెక్క మీద నిలబడ్డాయో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఫోన్ చేసి అడుగుతున్న ప్రశ్న ఇదే. పిల్లల పెళ్ళి చేయబోతున్న పెద్దలకు కూడా తాము ఇచ్చే డబ్బు ఎక్కడికి వెళుతుందో తెలిస్తే మంచిదని నా నమ్మకం.

అనకాపల్లి దాటాక ఒక పల్లెలో జరిగిన పెళ్ళి నన్ను ఈ ఆలోచనలో పడేసింది. మాట్లాడుకున్నప్పుడు ‘ఫుల్ డే’ అన్నాను. రోజంటే ఎన్ని గంటలో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఉదయం 10 గంటలకు పెళ్ళికూతురిని చేసే వేడుకతో మొదలుపెట్టాము. సాయంత్రం ఊరేగింపు, రాత్రి విందు, తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు ముహూర్తం, ఆ తరవాతి తంతులన్నీ ముగిసి అప్పగింతలు మొదలయ్యేసరికి ఉదయం 6 దాటింది. అప్పటికి మేము పని మొదలుపెట్టి 20 గంటలయింది. కారు ఎక్కబోతున్న పెళ్ళికూతురి రెండు చెంపలనూ వాళ్ళ నానమ్మ తన అరచేతుల్లోకి తీసుకుంది. నేను వరుసగా 11 ఫ్రేములు తీశాను. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే ఆ 11 ఫ్రేముల్లోనూ ఫోకస్ వెనక ఉన్న కారు తలుపు మీద ఉంది. కెమెరా చెడిపోలేదు, ఫోకస్ పాయింట్ ముఖం మీద నుంచి జారిపోయిందన్న సంగతి గమనించే శక్తి ఆ వేళ నా కళ్ళకు లేదు. ఆల్బమ్‌కు ఫొటోలు ఏరుకునేటప్పుడు ఆ అమ్మాయి, “అన్నయ్యా, కారు దగ్గర నానమ్మతో తీసినది కనిపించడం లేదేం?” అని అడిగింది. వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి ఇచ్చాను. అది ఫొటోతో సమానం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఉదయమే తిరుగు ప్రయాణంలో లంకెలపాలెం దగ్గర జాతీయ రహదారి మీద కారు నడుపుతున్న మా అసిస్టెంటుకు ఒక్క క్షణం రెప్ప పడింది. కారు పక్క మట్టిలోకి దిగి ఆగింది; ఎవరికీ ఏమీ కాలేదు. మరుసటి వారమే కూర్చుని గంటలను ఎలా లెక్కపెట్టాలో కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాను.

ఈవెంటు లెక్క ఎక్కడినుంచి వచ్చిందో అర్థమైతే అది ఇప్పుడెందుకు పనికిరాదో తెలుస్తుంది. రీళ్ళ కాలంలో ఒక రీలుకు 36 ఫొటోలు వచ్చేవి. పెళ్ళికి 5 రీళ్ళు అని మాట్లాడుకుంటే 180 ఫొటోలు. ఆపైన కాపీకి ఇంత. రీలు అయిపోతుందన్న భయం వల్ల ఫొటోగ్రాఫరు జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, గ్రూపు ఫొటోలు తీసి మిగిలిన సమయమంతా ఒక మూల కూర్చునేవాడు. అంటే గంటలకు హద్దును రీలే పెట్టేది. డిజిటల్ వచ్చాక ఆ హద్దు పోయింది. ఇప్పుడు ఒక పెళ్ళిలో మేమంతా కలిసి 5,000 దాకా ఫ్రేములు తీస్తాము, గోరింటాకు ఆరబెట్టుకుంటున్న చేతుల దగ్గరనుంచి వంటశాలలో ఆవిరి దాకా అన్నీ కావాలని అడుగుతారు, అడగడం న్యాయమే కూడా. పని స్వభావం ఇంత మారినా ధర చెప్పే మాట మాత్రం రీళ్ళ కాలం నాటిదే మిగిలింది.

పోనీ గడియారం చూసుకుని 8 గంటలు, 10 గంటలు అని చెబితే సరిపోతుందా అంటే, మన పెళ్ళిళ్ళకు అదీ కుదరదు. మొదట్లో నేను అలాగే ‘10 గంటలు’ అని రాసి ఇచ్చాను. ఆ 10 గంటలు ఎప్పుడు మొదలవుతాయి? మేకప్ చేసే అమ్మాయి ఆలస్యంగా వస్తే లెక్క మొదలైనట్టా, కానట్టా? మన పెళ్ళిలో కదలనిది ఒక్క ముహూర్తమే. మిగిలినవన్నీ దాని చుట్టూ ముందుకూ వెనక్కూ జరుగుతాయి. అందువల్ల గంటలను ముహూర్తానికే ముడివేశాను. ముహూర్తానికి ముందు 5 గంటలు, తరవాత 3 గంటలు, మొత్తం 8. ముందున్న 5 గంటల్లో మొదటిది పెళ్ళికూతురి అలంకరణకు. మిగిలిన నాలుగింటిలో గౌరీపూజ, వరుడి వైపు స్నాతకం, కాశీయాత్ర, ఎదురుకోలు, కాళ్ళు కడగడం, కన్యాదానం వస్తాయి. గౌరీపూజ జరిగేటప్పుడే అటు విడిదిలో స్నాతకమో కాశీయాత్రో జరుగుతూ ఉండడం మామూలు కాబట్టి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు లేనిదే ఈ నాలుగు గంటలు పూర్తిగా దొరకవు. ఇక సుముహూర్తం అంటే చాలామంది మంగళసూత్రం కట్టే క్షణమే అనుకుంటారు. పంచాంగం చూసి పెట్టిన ఆ నిమిషానికి మా వైపు పెళ్ళిళ్ళలో జరిగేది జీలకర్ర-బెల్లం పెట్టడం; తెర తొలగి ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అప్పుడే. మాంగల్యధారణ, తలంబ్రాలు, బ్రహ్మముడి, సప్తపది, బిందెలో ఉంగరాలు తీయడం, అరుంధతీ దర్శనం, చివరికి అప్పగింతలు, ఇవన్నీ ఆ తరవాతే. సగం పని ముహూర్తం దాటాకే ఉంది. ‘ముహూర్తం దాకా ఉంటాము’ అని తక్కువ ధర చెప్పేవారి దగ్గర ఈ సంగతి అడిగి తెలుసుకోమని పెద్దలకు నా మనవి.

ఈ 8 గంటలకు రిసెప్షను 4 గంటలు కలిపితే 12. రాత్రి పెళ్ళయితే రిసెప్షను ముందు రోజు సాయంత్రం 7కు మొదలై 11కు ముగుస్తుంది. ముహూర్తం 2 గంటల 51 నిమిషాలకు ఉంటే మా 5 గంటలు 9 గంటల 51 నిమిషాలకే మొదలవుతాయి కాబట్టి రెండూ ఒకదాని మీద ఒకటి పడి మొత్తం 11 గంటలే అవుతాయి. అప్పుడు గంట తగ్గిందని డబ్బు తగ్గించను, ఎందుకంటే అది మధ్యలో ఆగకుండా చేసే రాత్రి పని. ముహూర్తం ఉదయం 6 గంటల 10 నిమిషాలకు పడితే రిసెప్షనుకూ దానికీ మధ్య 2 గంటలకు పైగా ఖాళీ వస్తుంది. ఆ ఖాళీని లెక్కలో వేయాలా వద్దా అని చాలాకాలం తేల్చుకోలేకపోయాను. ఫంక్షన్ హాలులో కుర్చీ మీద కూర్చున్న మనిషి ఇంటికి వెళ్ళి పడుకోలేడు, మరో పని చేసుకోలేడు; అందుకని 2 గంటల లోపు ఖాళీని పనిగానే లెక్కిస్తున్నాను, అంతకు మించితే మిగిలిన సమయాన్ని వదిలేస్తున్నాను. అర్ధరాత్రి దాటే పని అయితే డ్రైవరుతో సహా కారు తప్పనిసరి. లంకెలపాలెం దగ్గర జరిగినదాని తరవాత ఆ నియమాన్ని ఒక్కసారి కూడా మీరలేదు.

ఈ లెక్క వేసుకున్న కొత్తలో ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తన కూతురి పెళ్ళి విషయం మాట్లాడడానికి గాజువాక నుంచి వచ్చారు. నేను రాసిన కాగితాన్ని రెండుసార్లు చదివి, “బాబూ, ముహూర్తం పంతులుగారు పెడతారు, ఊరేగింపును బ్యాండువాళ్ళు ఆలస్యం చేస్తారు, మీ 3 గంటలు మాత్రం గడియారం ప్రకారం అయిపోతాయి. మీరు సామాను సర్దుకున్నాక మా అమ్మాయి అప్పగింతల్లో ఏడుస్తుంది. అది ఎవరు తీస్తారు?” అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. గంటల లెక్క పెట్టుకున్నది అలసిపోయిన కళ్ళతో ఆ క్షణాన్ని పోగొట్టకూడదనే కదా. అదే లెక్క నన్ను ఆ క్షణానికి ముందే పంపించేస్తే దానికి అర్థం లేదు. ఆయన ముందే పెన్ను తీసి కొన్ని వాక్యాలు చేర్చాను. అప్పగింతలు పూర్తయ్యేదాకా మా వాళ్ళు ఎవరూ కెమెరా దించరు. ఆలస్యమైన మొదటి గంటకు ఏమీ తీసుకోము. ఆ గంట కూడా దాటితే అక్కడినుంచి గంటకు 3,000 రూపాయలు, అందులో 2,500 నాతో వచ్చిన ఐదుగురికి తలా 500 చొప్పున వెళతాయి. ఆలస్యం మా వల్ల జరిగితే ఆ సమయం లెక్కలోకే రాదు. ఈ నియమం రాశాక అదనపు గంటలు తీసుకోవలసి వచ్చిన పెళ్ళిళ్ళు తక్కువ. ముందే కాగితం మీద ఉండడంతో ఇంటివారే ఊరేగింపును తొందరపెడుతున్నారు.

ఇక రూపాయల సంగతి. ఎదుటి స్టూడియో 80,000 చెబితే నేను 75,000 చెప్పేవాడిని. నా ధరకు పునాది అంతే. ఒక ఆషాఢంలో, పని లేని రోజుల్లో, సంవత్సరం ఖర్చులన్నీ ఒక పుస్తకంలో రాశాను. చిన్న ఆఫీసు గదికి నెలకు 12,000 చొప్పున ఏడాదికి 1,44,000. రెండు కెమెరా బాడీలు, లెన్సులు, ఫ్లాషులు, లైట్లు కలిపి 9 లక్షల సామాను. ఐదేళ్ళకు మార్చాలి కాబట్టి ఏడాదికి 1,80,000. కంప్యూటరు, హార్డ్ డిస్కులు, సాఫ్ట్‌వేరు 80,000. రిపేర్లు, ఇన్సూరెన్సు 40,000. సముద్రపు గాలిలో తేమకు లెన్సు లోపల ఫంగస్ పట్టడం విశాఖలో పనిచేసేవారికి తెలియని బాధ కాదు, తేమ పీల్చే డబ్బా పెట్టుకున్నా ఏడాదికి ఒక లెన్సైనా శుభ్రం చేయించాల్సి వస్తుంది. కరెంటు, ఇంటర్నెట్టు, ఫోను, పెట్రోలు 60,000. ఇవి 5,04,000. మా ఇంటి ఖర్చుకు నెలకు 50,000 అనుకుంటే ఏడాదికి 6,00,000. మొత్తం 11,04,000. ఏడాదికి నేను బాగా చేయగలిగినవి 30 పెళ్ళిళ్ళు. భాగిస్తే ఒక్కొక్క పెళ్ళి మీద 36,800 పడుతుంది. ఇది ఇంకా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వక ముందు లెక్క. కేండిడ్, అంటే ఎవరినీ నిలబెట్టకుండా సహజమైన క్షణాలు తీసే రెండో ఫొటోగ్రాఫరుకు 8,000, తంతులూ గ్రూపు ఫొటోలూ తీసే ట్రెడిషనల్ ఫొటోగ్రాఫరుకు 5,000, ఇద్దరు వీడియో వాళ్ళకు తలా 6,000, అసిస్టెంటుకు 1,500, డ్రైవరుతో కారుకు 4,000, వీడియో ఎడిటింగుకు 10,000, ఆల్బమ్ ముద్రణకు 12,000, మొత్తం 52,500. రెండూ కలిస్తే 89,300.

75,000 తీసుకున్న రోజుల్లో 52,500 పోగా నాకు మిగిలినది 22,500. 30 పెళ్ళిళ్ళకు 6,75,000. అందులోంచి ఆఫీసు, సామాను ఖర్చు 5,04,000 తీసేస్తే ఏడాదికి 1,71,000, అంటే నెలకు 14,250 రూపాయలు. కొత్త లెన్సు కొన్న ప్రతిసారీ ఈఎంఐ ఎందుకు కట్టవలసి వచ్చేదో, సీజనులో అంత పని చేసినా వర్షాకాలంలో అప్పు ఎందుకు తెచ్చేవాడినో ఆ ఒక్క పేజీ చెప్పింది.

గంటల వైపు నుంచి కూడా చూడాలి. పెళ్ళి దగ్గర మేము కనిపించేది 12 గంటలే. సామాను సర్దుకుని వెళ్ళి రావడం 4 గంటలు, కార్డుల్లోంచి కాపీలు తీయడం 2, ఫొటోలు ఏరడం 10, రంగులు సరిచేయడం 30, ఆల్బమ్ డిజైను 12, ఇంటివారితో మాటలు 4. కలిపితే 74 గంటలు. 36,800ను 74తో భాగిస్తే గంటకు దాదాపు 500 రూపాయలు వస్తుంది. ఒక్క రాత్రికి లక్షా అని ఎవరైనా అడిగినప్పుడు నేను కోపం తెచ్చుకోను. ఈ 74 గంటల పేజీని వాళ్ళ ముందు పెడతాను. చూసినవారిలో చాలామంది ఆ తరవాత ధర గురించి కాక రంగుల గురించి, ఆల్బమ్ గురించి మాట్లాడతారు.

ఏడాదికి 30 పెళ్ళిళ్ళే ఎందుకు, 50 ఎందుకు చేయకూడదు అని కొత్తవాళ్ళు అడుగుతారు. మన క్యాలెండరులో అద్దె కట్టవలసిన నెలలు 12 ఉన్నా పెళ్ళి చేయగలిగిన నెలలు అన్ని లేవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోతాయి, మూఢాలు పోతాయి, అధికమాసం వస్తే అదీ పోతుంది. 2023లో అధిక శ్రావణం రావడం వల్ల జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా ముహూర్తాలు లేవు. 2024లో ఏప్రిల్ నెలాఖరున మొదలైన మూఢం, దాని వెనకే వచ్చిన ఆషాఢం కలిసి, మామూలుగా మాకు ఊపిరాడని వైశాఖ జ్యేష్ఠాలను తుడిచిపెట్టి శ్రావణం దాకా ఖాళీగా కూర్చోబెట్టాయి. మిగిలిన నెలల్లో కూడా మంచి ముహూర్తాలన్నీ కొన్ని తేదీల మీదే పడతాయి, ఒక తేదీన ఒక జట్టు ఒక పెళ్ళే చేయగలదు. రెండో జట్టును పంపి నా పేరు మీద పని ఒప్పుకునే పద్ధతి నాకు ఇష్టం లేదు. నన్ను చూసి తేదీ ఇచ్చిన ఇంటికి నేనే వెళ్ళాలి. పెద్ద ముహూర్తాల రోజున ధర పెంచుతారా అంటే, నా వంతు 36,800 పెరగదు. అయితే ఆ రోజున ఫ్రీలాన్సు వాళ్ళు ఎక్కువ అడుగుతారు, అడగడానికి వాళ్ళకూ ఇదే కారణం ఉంది. ఎంత పెరిగితే అంతే కలుపుతాను, కలిపిన మొత్తాన్ని విడిగా చూపిస్తాను. అక్షయ తృతీయ నాడు పెళ్ళి ఉంటే మరో జాగ్రత్త కావాలి. ఆ రోజే సింహాచలంలో చందనోత్సవం, అప్పన్న నిజరూప దర్శనం. గోపాలపట్నం, అడవివరం దారులు జనంతో నిండిపోతాయి కాబట్టి ఆ వైపు ఏ హాలుకైనా 2 గంటలు ముందు బయలుదేరుతాము. దానికి విడిగా ఏమీ తీసుకోము.

89,300 మీద పదో వంతు కలిపి 98,230 చేశాను. ఆ పదో వంతు లాభం అని పేరు పెట్టుకున్నది నిజానికి పగిలిన లెన్సులకూ, చివరి నిమిషంలో జ్వరం వచ్చిన వీడియోగ్రాఫరు బదులు మరొకరిని తెచ్చుకోవడానికీ సరిపోతుంది. ఇక పన్ను. సేవలు అందించేవారికి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. ఈ ధరకు 30 పెళ్ళిళ్ళు చేసే ఎవరైనా ఆ గీత దాటుతారు. ఫొటోగ్రఫీ మీద పన్ను 18 శాతం. మామూలు పద్ధతిలో అయితే ఇంటివారు 98,230 మీద మరో 17,000కు పైగా కట్టాలి. 50 లక్షల లోపు టర్నోవరు ఉన్న సేవాదారులకు, ఆ టర్నోవరు మీద 6 శాతం మాత్రం కట్టే కాంపోజిషన్ పద్ధతి ఉంది. అందులో చేరితే పన్నును ఇంటివారి దగ్గర విడిగా వసూలు చేయకూడదు, మనం కొన్న కెమెరాల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, రాష్ట్రం దాటి పని ఒప్పుకోకూడదు. ఒడిశాలోని బరంపురం వైపు పెళ్ళిళ్ళు వదులుకోవలసి వచ్చినా నేను ఇదే ఎంచుకున్నాను, ఎందుకంటే చెప్పిన ధరే చివరి ధర అన్న మాట నాకు ముఖ్యం. 1,04,500 అని చెబుతాను. అందులో 6 శాతం, అంటే 6,270, ప్రభుత్వానికి పోతే 98,230 మిగులుతుంది.

బేరం ఆడినప్పుడు నేను పాటించే పద్ధతి ఒక్కటే. ధర తగ్గించమంటే పనిలో ఏది తగ్గించాలో కూర్చుని ఇద్దరమూ చూస్తాము. రిసెప్షను 4 గంటలు బంధువుల ఫొటోలే చాలు అనుకుంటే ఆ సమయానికి కేండిడ్ మనిషి అవసరం లేదు. 12×36 అంగుళాల ఆల్బమ్‌లో 40 షీట్ల బదులు 30 చాలు అనుకుంటే ముద్రణ ఖర్చు తగ్గుతుంది. డ్రోన్ వద్దనుకుంటే అసలు దాని ఊసే ఎత్తను. డ్రోన్ విషయంలో విశాఖ మిగిలిన ఊళ్ళలాంటిది కాదు. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఇక్కడ ఉంది, నౌకాదళపు విమాన స్థావరం డేగా కూడా ఇక్కడే ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం పటంలో ఎర్ర రంగు వేసిన చోట కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేసే మనిషికి పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అందుకని హాలు ఎక్కడో చూశాకే డ్రోన్ ధర చెబుతాను, ఎగరకూడని చోట ఎంత ఇస్తామన్నా ఒప్పుకోను. అన్ని కోతలు కోసినా తగ్గించనివి రెండు ఉన్నాయి. ఒకటి ముహూర్తం చుట్టూ ఉన్న 8 గంటలు. రెండోది ఫొటోలను భద్రపరిచే ఖర్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నేను ఒక స్టూడియోలో అసిస్టెంటుగా ఉన్నాను. కిటికీ అద్దాలు పగిలి వాన నీరు కంప్యూటర్ల మీద పడింది. రెండు పెళ్ళిళ్ళ ఫొటోలు ఒకే డిస్కులో ఉండడంతో పోయాయి. అప్పటినుంచి కెమెరాలో రెండు కార్డులు, తరవాత రెండు డిస్కులు, వాటిలో ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో.

కొండ మీదకూ దూరానికీ వెళ్ళే పెళ్ళిళ్ళలో ప్రయాణపు గంటలు పెద్ద తగువు. ఆఫీసు నుంచి 40 కిలోమీటర్ల లోపు అంటే భీమిలి, పెందుర్తి, అనకాపల్లి పట్టణం దాకా ఏమీ తీసుకోను. దాదాపు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న అరకుకు ఘాట్ రోడ్డులో వెళ్ళడానికే 3 గంటలు దాటుతుంది. అన్నవరం కూడా దూరంలో ఇంచుమించు అంతే. అలాంటప్పుడు ప్రయాణపు గంటలను సగం లెక్కన కలుపుతాను, రాత్రి పెళ్ళయితే మా వాళ్ళకు పడుకోవడానికి ఒక గది అడుగుతాను. ఇంకొక చిన్న మాట కూడా కాగితంలో ఉంటుంది: విందు కట్టేసేలోపు, 10 గంటల ప్రాంతంలో, మా వాళ్ళు ఇద్దరిద్దరుగా వెళ్ళి భోంచేసి వస్తారు. అడగడానికి మొహమాటపడి తెల్లవార్లూ టీలతో గడిపిన రాత్రులు నాకు గుర్తున్నాయి.

ప్రీవెడ్డింగుకు గంటలు సూర్యుడే నిర్ణయిస్తాడు. మన తీరం తూర్పు ముఖంగా ఉంది. జూన్ మొదట్లో 5 గంటల 20 నిమిషాలకే సూర్యుడు సముద్రం మీదకు వస్తాడు, జనవరిలో 6 గంటల 30 నిమిషాలవుతుంది. రుషికొండలో మెత్తని వెలుగు కావాలంటే వేసవిలో అమ్మాయి అలంకరణ 3 గంటలకు మొదలవ్వాలి. సాయంత్రం కొండల వెనక పొద్దు వాలేసరికి ఒడ్డు మీద వెలుగు ముందే తగ్గిపోతుంది. అందుకే దీనికి ‘ఒక రోజు’ అని కాక ఉదయం పూట 4 గంటల పని అని మాత్రమే ధర చెబుతాను.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా గంటలంత ముఖ్యం. తేదీ ఖాయం చేసుకునేటప్పుడు 30 శాతం, పెళ్ళికి వారం ముందు 50, ఆల్బమ్ చేతికిచ్చేటప్పుడు 20. తుపాను వల్లో, ఇంట్లో అశుభం జరిగో పెళ్ళి వాయిదా పడితే అడ్వాన్సు కొత్త తేదీకి మారుతుంది. ఆల్బమ్‌కు ఫొటోలు ఏరి ఇవ్వడానికి 60 రోజుల గడువు పెట్టాను. ఇంతకుముందు ఏడాది, ఏడాదిన్నర తీసుకున్న ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళను తప్పుపట్టలేను, అమ్మాయి ఒక ఊళ్ళో, అల్లుడు మరో ఊళ్ళో, అమ్మానాన్నలు ఇక్కడ. అందువల్ల ఇప్పుడు నేనే 150 ఫొటోలు ఏరి ముందు పంపుతున్నాను. వాళ్ళు తీసేయవలసినవి తీసేసి, కావలసినవి చేర్చి పంపితే చాలు. ఈ మార్పుతో చాలా ఆల్బమ్‌లు 3 నెలల్లో ఇళ్ళకు చేరుతున్నాయి.

1,04,500 అందరూ ఇవ్వగలిగే మొత్తం కాదని నాకు తెలుసు. సింహాచలం కొండ మీద స్వామి సన్నిధిలో 40, 50 మంది బంధువుల మధ్య పెళ్ళి చేసుకునే కుటుంబాలు నా దగ్గరకు వస్తాయి. వాళ్ళకోసం 4 గంటల లెక్క ఒకటి విడిగా వేసుకున్నాను: ముహూర్తానికి ముందు రెండున్నర గంటలు, తరవాత గంటన్నర. నేనూ, ఒక వీడియో మనిషీ వెళతాము. ఇంటికి వచ్చాక పనితో కలిపి నాకు 20 గంటలు పడుతుంది కాబట్టి, అదే గంటకు 500 లెక్కన 10,000. వీడియో మనిషికి 5,000, కారుకు 1,500, ఎడిటింగుకు 3,500, ప్రింట్లూ పన్నూ కలిపి 22,000 తీసుకుంటున్నాను. ఆల్బమ్ ఉండదు, ఫొటోలన్నీ పెన్‌డ్రైవులో ఇస్తాను, రెండు పెద్ద ప్రింట్లు చేయించి ఇస్తాను. పెద్ద ముహూర్తం తేదీన ఇలాంటి పని ఒప్పుకుంటే 12 గంటల పెళ్ళి ఒకటి పోతుంది, ఆ మేరకు 30 లెక్కా తగ్గుతుంది. అందుకని మొదట్లో వాళ్ళకు, నెల ముందు దాకా ఆ తేదీ ఖాళీగా ఉంటే వస్తానని చెప్పేవాడిని. ఒక తండ్రి ఆ నెల రోజులూ వారానికి ఒకసారి ఫోన్ చేసి, “ఖాయమైనట్టేనా అండీ?” అని అడగడం విన్నాక ఆ షరతు తీసేశాను. ఇప్పుడు ఏడాదికి ఐదు తేదీలు కొండ మీది పెళ్ళిళ్ళకే విడిచిపెట్టి, ఎవరు ముందు వస్తే వారికి అడ్వాన్సు తీసుకున్న రోజే ఖాయం చేస్తున్నాను. ఆ ఐదు పోగా మిగిలిన తేదీలతో 36,800 లెక్కను ఈ మాఘమాసం లోపు మళ్ళీ వేసుకోవాలి.